పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తెర మీది ప్రేమకథ, పెట్టెలోని ప్రింటు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. ఎంతో ఇష్టపడి చూసిన ప్రేమకథా సీరియల్‌ను డిస్కుల రూపంలో కొనుక్కుంటే, తెర మీద కనబడే బొమ్మ జ్ఞాపకంలో ఉన్న బొమ్మలా లేదన్నది పాఠకుల ఫిర్యాదు. అందుకే మిగిలిన విషయాలను పక్కన పెట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: 1995లో బీబీసీ ప్రసారం చేసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఆరు భాగాల సీరియల్‌ను మొదట వీడియో క్యాసెట్టు మీద చూశాను. తర్వాత డీవీడీ కొన్నాను. పాత డబ్బా టీవీలో ఎంతో బాగుండేది. ఇప్పుడు ఇంట్లోకి పెద్ద టీవీ వచ్చాక అదే డిస్కు పెడితే ముఖాలు మైనంతో చేసినట్టు, చెట్ల ఆకులు పచ్చటి ముద్దలా కనిపిస్తున్నాయి. డిస్కు పాడైపోయిందా? బ్లూ-రే కొంటే నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: మీ డిస్కు పాడవలేదు. డీవీడీ పాడైతే బొమ్మ మసకబారదు. గడులు గడులుగా విడిపోతుంది, ఉన్నచోట ఆగిపోతుంది, లేదా అసలు మొదలే కాదు. మీరు చూస్తున్నది డిస్కులో మొదటినుంచీ ఉన్న బొమ్మే. చిన్న తెర దాని లోపాలను దాచింది, పెద్ద తెర బయటపెట్టింది.

బ్రిటన్ డీవీడీల్లో వాడే పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలో ఒక్కో ఫ్రేము 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు ఉంటుంది. బ్లూ-రేలో అది 1920కి 1080. రెండింటినీ గుణించి చూస్తే బ్లూ-రే ఫ్రేములో చుక్కలు సరిగ్గా ఐదు రెట్లు ఎక్కువ. మీ టీవీకి డీవీడీ ఇచ్చే ప్రతి చుక్కకూ పక్కన లేని చుక్కలను తానే ఊహించి నింపుకోవలసి వస్తుంది. ఆ ఊహ పల్లెటూరి దారుల్లోని ఆకుల దగ్గర, లేసు అంచుల దగ్గర, కనురెప్పల దగ్గర తేలిపోతుంది. మీరు మైనం, ముద్ద అన్న మాటలు అందుకే అంత సరిగ్గా కుదిరాయి.

అయితే చుక్కలు పెరిగినంత మాత్రాన బొమ్మ బాగుపడుతుందనుకోవడం పొరపాటు. డిస్కు ఒక పాత్ర మాత్రమే, అందులో పోయడానికి అసలు సరుకు ఉండాలి. ఈ సీరియల్ విషయంలో ఆ సరుకు ఉంది. దర్శకుడు సైమన్ లాంగ్టన్ దీనిని వీడియో టేపు మీద కాకుండా సూపర్ 16 ఎంఎం ఫిల్ముపై తీశారు. ఆ ఫిల్ములో ఒక్కో ఫ్రేము వెడల్పు సుమారు పన్నెండున్నర మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి గోరు కన్నా కొద్దిగా పెద్దది. అయినా అంత చిన్న ముక్కలోనూ అప్పటి టీవీ చూపించగలిగినదాని కన్నా ఎక్కువ వివరం పడింది. 1995లో ప్రేక్షకులకు అందులో కొంత మాత్రమే అందింది, మిగిలినది నెగటివ్‌లో నిద్రపోయింది. ఆ నెగటివ్‌ను తిరిగి హై డెఫినిషన్‌లో స్కాన్ చేసి బ్రిటన్‌లో 2008లో బ్లూ-రే తెచ్చారు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: అవును, తేడా ఉంటుంది, అదీ కంటికి కనిపించే తేడా.

ఒక పాత ముచ్చట కూడా చెప్పాలి. సీరియల్ ప్రసారం ఇంకా సాగుతుండగానే విడుదలైన జంట క్యాసెట్ల మొదటి విడత 12,000 సెట్లు రెండు గంటల్లో అమ్ముడుపోయాయి. మరుసటి వారం టీవీలో ఉచితంగా వచ్చేదానిని డబ్బిచ్చి కొన్నారన్నమాట. క్యాసెట్టులో నిలువునా 576 గీతలున్నా అడ్డంగా పట్టే వివరం డీవీడీలో సగానికన్నా తక్కువ. అంత మసక బొమ్మను చూసి మురిసిపోయిన వాళ్లలో మనమూ ఉన్నాం, అందులో సిగ్గుపడవలసింది లేదు.

ప్రశ్న: మీరు చెప్పే బ్లూ-రేనే నా దగ్గర ఉంది. గోడల మీద, ముఖాల మీద సన్నటి ఇసుక కదులుతున్నట్టు ఉంటుంది. ఇంత డబ్బు పోసి కొన్నది డీవీడీ కన్నా గరుకుగా ఉండడమేమిటి? దీనిని ఎలా పోగొట్టాలి?

జవాబు: దయచేసి పోగొట్టకండి. మీరు ఇసుక అంటున్నదే బొమ్మ. ఫిల్ము మీద వెలుతురు పడినప్పుడు వెండి లవణాల రేణువులు మార్పు చెంది చిత్రంగా ఏర్పడతాయి. ప్రతి ఫ్రేములోనూ ఆ రేణువులు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక సెకనుకు పాతిక ఫ్రేములు పరుగెత్తేటప్పుడు అవి కదులుతున్నట్టు కనిపిస్తాయి. దీనినే గ్రెయిన్ అంటారు. 16 ఎంఎం ఫిల్ము చిన్నది కనుక, పెద్ద తెర మీదికి దానిని ఎక్కువగా పెంచి చూపించాలి, అందువల్ల 35 ఎంఎం సినిమాల కన్నా ఇందులో గ్రెయిన్ ఎక్కువ. కొవ్వొత్తుల వెలుగులో తీసిన నృత్య సన్నివేశాల్లో మరికొంత ఎక్కువ. మీ డీవీడీలో అది లేకపోవడానికి కారణం డీవీడీ మెరుగ్గా ఉండడం కాదు, అంత సన్నని వివరాన్ని పట్టుకునే శక్తి దానికి లేకపోవడం.

గ్రెయిన్‌ను కంప్యూటరుతో తుడిచేసే పద్ధతి ఒకటుంది, దానిని నాయిస్ రిడక్షన్ అంటారు. మితంగా వాడితే ఫర్వాలేదు. కానీ ఏది రేణువో, ఏది చర్మపు ముడతో ఆ యంత్రానికి పూర్తిగా తెలియదు. అది రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. యుద్ధాల కథలో, నేరపరిశోధన కథలో ఈ నష్టం అంతగా తెలియకపోవచ్చు. ప్రేమకథలో మాత్రం సగం కథ ముఖం మీదే నడుస్తుంది. ఈ సీరియల్‌లోనే పెంబర్లీ భవనంలో పియానో దగ్గరి సన్నివేశం గుర్తు చేసుకోండి. ఎవరో అనరాని మాట అనబోతే, కథానాయకుడు డార్సీ చెల్లెలు బెదురుతుంది, ఆమెకు అండగా కథానాయిక ఎలిజబెత్ చప్పున పక్కకు చేరుతుంది. ఆ తర్వాత గదికి ఇటునుంచి డార్సీ, అటునుంచి ఎలిజబెత్ ఒకరినొకరు చూసుకుంటారు. మాట లేదు, స్పర్శ లేదు. డార్సీగా నటించిన కాలిన్ ఫర్త్ ముఖంలో జరిగేదంతా కళ్ల కొసల్లో, చెంప కండరం సడలడంలో ఉంది. ఆ చెంపను నున్నగా తుడిచేసిన ప్రింటులో అతడు ఊరికే చూస్తున్నట్టు ఉంటుంది. గ్రెయిన్ నిలిచిన ప్రింటులో మాత్రం ఆ మనిషి గర్వం కరుగుతున్నట్టు ఉంటుంది. నా దృష్టిలో ఒక ప్రేమకథా సీరియల్ ప్రింటును అంచనా వేయడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

మీరు చేయవలసినది టీవీ సెట్టింగుల్లో ఉంది. నాయిస్ రిడక్షన్ ఆపేయండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అది ఎక్కువైతే మనుషుల అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను పుట్టించే మోషన్ స్మూతింగ్‌ను తప్పకుండా ఆపేయండి. అది పనిచేస్తున్నంతసేపూ రెండు శతాబ్దాల కిందటి నృత్యం నిన్న మొన్న తీసిన పెళ్లి వీడియోలా కనిపిస్తుంది. తర్వాత మామూలుగా కూర్చునే దూరం నుంచి ఒక భాగం పూర్తిగా చూడండి. ఇరవై నిమిషాల తర్వాత మీకు ఆ ఇసుక గుర్తు కూడా ఉండదు.

ప్రశ్న: 1970ల నాటి బ్రిటిష్ సీరియళ్ల డిస్కుల్లో ఒక వింత గమనించాను. ప్రేమికులు తోటలో నడుస్తున్నప్పుడు బొమ్మ సినిమాలా ఉంటుంది, గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే స్టేజీ నాటకాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. డిస్కు తయారీలో తప్పా?

జవాబు: తప్పు కాదు, అప్పటి పని పద్ధతే అది. ఇంటి లోపలి సన్నివేశాలను స్టుడియోలో పలు వీడియో కెమెరాలతో టేపు మీద, బయటి సన్నివేశాలను ఒకే కెమెరాతో 16 ఎంఎం ఫిల్ము మీద తీసేవారు. వీడియో కెమెరా సెకనుకు 50 సార్లు బొమ్మను పట్టుకుంటుంది, ఫిల్ము కెమెరా 25 సార్లు. అందుకే గుమ్మం దాటగానే రంగుతో పాటు కదలిక తీరు కూడా మారిపోతుంది. ఈ తేడాను అలాగే ఉంచిన డిస్కు నిజాయితీ గల డిస్కు.

ప్రశ్న: ఒకే సీరియల్ కొన్నిచోట్ల రెండు డిస్కుల సెట్టుగా, కొన్నిచోట్ల ఒక్క డిస్కుగా దొరుకుతోంది. కథ మొత్తం ఉన్నప్పుడు ఒక్క డిస్కు కొనుక్కుంటే ఏం పోతుంది?

జవాబు: బొమ్మ పోతుంది. లెక్క వేసి చూద్దాం. భాగానికి 55 నిమిషాల చొప్పున మూడు భాగాలను ఒక డిస్కులో పెట్టారనుకోండి, అంటే 165 నిమిషాలు. రెండు పొరల డీవీడీలో 8.5 గిగాబైట్లు పడతాయి కనుక బొమ్మకూ ధ్వనికీ కలిపి సెకనుకు సగటున 6.9 మెగాబిట్ల దాకా దక్కుతుంది. అదే మూడు భాగాలను 4.7 గిగాబైట్ల ఒక్క పొర డిస్కులో కుక్కితే 3.8 మెగాబిట్లే దక్కుతుంది. ఆరు భాగాలనూ ఒకే డిస్కులో, రెండు పొరల్లోనే అయినా, ఇరికిస్తే 3.5 కూడా రాదు. డీవీడీలో బొమ్మకు ఇవ్వగలిగిన గరిష్ఠ వేగం 9.8 మెగాబిట్లు.

ఆ కొరత ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. కొవ్వొత్తుల వెలుగులో నృత్యం జరిగే సన్నివేశం పెట్టి, నర్తకులను కాకుండా వాళ్ల వెనక ఉన్న చీకటి గోడను చూడండి. ఆ గోడ మీద వెలుగు క్రమంగా చీకట్లోకి జారాలి. చోటు చాలని డిస్కులో అది మెట్లు మెట్లుగా విడిపోయి, చిన్న చిన్న చతురస్రాలుగా మెదులుతూ ఉంటుంది. డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో బొమ్మను గడులుగా విడదీసి దాస్తారు కాబట్టి, చోటు తగ్గినప్పుడు ముందుగా బయటపడేవి ఆ గడులే.

నేనొకసారి ఒక వ్యాపారి దగ్గర పాత ప్రేమకథా సీరియల్ సెట్టు ఒకటి కొన్నాను. అట్టపెట్టె ముచ్చటగా ఉంది. డిస్కు తిప్పి చూస్తే అడుగు భాగం వెండిలా కాకుండా ఊదారంగులో మెరిసింది. అది కర్మాగారంలో అచ్చు వేసిన డిస్కు కాదు, కంప్యూటరులో కాల్చిన నకలు. కాల్చే డిస్కుల్లో రంగుపూత ఉంటుంది, అచ్చు డిస్కుల్లో ఉండదు. పైగా అసలు డిస్కుల్లో మధ్య రంధ్రం చుట్టూ ఉండే వలయంలో ఐఎఫ్‌పీఐ అనే అక్షరాలతో మొదలయ్యే చిన్న సంకేతం చెక్కి ఉండడం మామూలు. భూతద్దంతో వెతికాను, లేదు. నాలుగో డిస్కు సరిగ్గా కథానాయిక ఉత్తరం విప్పే చోట ఆగిపోయింది. ఆ ఉత్తరంలో ఏముందో నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

ప్రశ్న: నేను చూసే సీరియల్ మొదట చదరపు తెరకు తీసినది. కొత్త డిస్కులో తెర నిండా వస్తోంది. పక్కల నల్లని పట్టీలు లేకపోవడం నాకు నచ్చింది గాని, మా అక్కయ్య మాత్రం బొమ్మను కోసేశారని కోప్పడుతోంది. ఎవరిది నిజం?

జవాబు: చాలావరకు మీ అక్కయ్యదే. 4:3 నిష్పత్తిలో ఉన్న బొమ్మను 16:9 తెర నిండా పెట్టాలంటే పైనా కిందా కలిపి ఎత్తులో నాలుగో వంతు తీసేయాలి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడిన షాట్‌లో ఆ నాలుగో వంతులో ఏముంటాయో గమనించండి: చేతులు. అందుకోబోయి ఆగిన చెయ్యి, కొంగు అంచునో గ్లౌజునో నలుపుతున్న వేళ్లు. ప్రేమకథలో అవి అలంకారాలు కావు, సంభాషణలు.

ఇందుకు మినహాయింపు ఉంది. సూపర్ 16 ఫిల్ము ఫ్రేము సహజంగానే వెడల్పైనది, నిష్పత్తి సుమారు 1.66:1. దాని నుంచి 16:9 తీస్తే పోయేది ఆరేడు శాతమే, పైగా 4:3 ప్రసారంలో కనిపించని పక్క భాగాలు కొత్తగా కనిపిస్తాయి. అందువల్ల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వంటి సీరియల్ వెడల్పు తెరకు వస్తే నేను గొడవపడను. టేపు మీద 4:3లో తీసినదానిని కోసి వెడల్పు చేస్తే మాత్రం అది బాగుచేయడం కాదు. తెర నిండాలని బొమ్మను అడ్డంగా సాగదీసే టీవీ సెట్టింగు ఒకటుంది, దాని గురించి మాట్లాడడం కూడా దండగ.

ప్రశ్న: ఒక అమెరికన్ ప్రేమకథా సీరియల్ డిస్కుల్లో మొదటి రెండు సీజన్లలో ఉన్న టైటిల్ పాట మూడో సీజన్ నుంచి మారిపోయింది. నా డిస్కులు నకిలీవా?

జవాబు: మీరు చెప్పేది ‘డాసన్స్ క్రీక్’ గురించే అయితే, మీ డిస్కులు అసలువే. 1998 నుంచి 2003 వరకు ఆరు సీజన్లు నడిచిన ఆ సీరియల్‌కు ప్రసారంలో మొదటినుంచీ పౌలా కోల్ పాటే టైటిల్ గీతం. డీవీడీల్లో మాత్రం మూడో సీజన్ నుంచి హక్కుల ఖర్చు తప్పించుకోవడానికి దాని స్థానంలో జాన్ ఆర్డెన్ పాట పెట్టారు. టీవీ ప్రసారానికి పాట హక్కులు కొనేటప్పుడు, ఆ సీరియల్‌ను ఎప్పుడో ఒకనాడు ఇళ్లలో భద్రపరుచుకుంటారని చాలామంది నిర్మాతలు ఊహించలేదు. తర్వాత డిస్కుకు మళ్లీ బేరం మొదలయ్యేసరికి ధర మోయలేనంతైంది. టైటిల్ పాట సంగతి అటుంచితే, లోపల సన్నివేశాల్లో వినిపించే పాటలు మారినప్పుడే అసలు బాధ. దర్శకుడు ఒక పాట చరణం ముగింపుకు సరిపోయేలా ముద్దు సన్నివేశాన్ని కత్తిరించి ఉంటాడు. పాట మారితే ఆ కోత అలాగే మిగులుతుంది గాని, దాని కింద తాళం ఉండదు. బొమ్మ నాణ్యత ఎంత గొప్పగా ఉన్నా ఈ లోటు పూడదు. కొనేముందు పెట్టె వెనక ‘సంగీతంలో మార్పులున్నాయి’ అన్న సన్నని అక్షరాల వాక్యం ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: ఒకే సీరియల్ రెండు దేశాల డీవీడీలు విన్నాను. ఒకదానిలో కథానాయిక గొంతు పలచగా, కొద్దిగా తొందరగా మాట్లాడుతున్నట్టు ఉంది. నా భ్రమా?

జవాబు: మీ చెవి చురుకైనది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీసిన సీరియల్‌ను పాల్ డిస్కుకు మార్చేటప్పుడు 25 ఫ్రేముల వేగంతో పరుగెత్తించేవారు. 55 నిమిషాల భాగం 52 నిమిషాల 48 సెకన్లలో ముగుస్తుంది. శ్రుతిని సరిచేయకపోతే అది ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులకు పైగా పెరుగుతుంది. సంగీతం నేర్చినవాళ్లు దీనిని వెంటనే పట్టేస్తారు. బ్రిటిష్ సీరియళ్లకు ఈ సమస్య సాధారణంగా రాదు, అక్కడ టీవీ కోసం 25 ఫ్రేములతోనే తీస్తారు. వాటి కష్టం వేరు: అమెరికా పద్ధతి డిస్కులకు మార్చినప్పుడు రెండు ఫ్రేములు ఒకదానిలో ఒకటి కలిసి, నడిచే మనిషి వెనక నీడలాంటి మరో మనిషి కనిపించవచ్చు. వీలైనంతవరకు సీరియల్ ఏ దేశంలో పుట్టిందో ఆ దేశపు డిస్కునే ఎంచుకోండి. అయితే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్ల కోసమో తెలిపే రీజియన్ సంఖ్యను మీ ప్లేయరు ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ప్రశ్న: పూర్తిగా వీడియో టేపు మీద తీసిన 1980ల ప్రేమ సీరియల్ ఒకటి ఇప్పుడు బ్లూ-రేగా వస్తోందని ప్రకటన చూశాను. టేపులో లేని వివరం బ్లూ-రేలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు: ఎక్కడి నుంచీ రాదు. కానీ అలాంటి బ్లూ-రేలు రెండు రకాలు, ఒకటి మంచిది. మొదటి రకంలో పాత 576 గీతల బొమ్మను పెంచకుండా, బ్లూ-రేలోని 25 లేదా 50 గిగాబైట్ల చోటును వాడుకుని, తక్కువ కుదింపుతో భద్రపరుస్తారు. డీవీడీలో గోడ మీద కనిపించిన గడులు ఇందులో మాయమవుతాయి, మాస్టర్ టేపులో ఉన్నది ఉన్నట్టు దక్కుతుంది. ఇలాంటిది దొరికితే నిశ్చింతగా కొనండి.

రెండో రకంలో కృత్రిమ మేధతో బొమ్మను పెంచుతారు. యంత్రం వేలాది ముఖాలను చూసి నేర్చుకున్నదానిని బట్టి లేని కనురెప్పలను, లేని పళ్లను గీసేస్తుంది. దగ్గరి షాట్లలో ఇది మొదటి చూపుకు అబ్బురంగానే ఉంటుంది, ప్రకటనల్లో వాటినే చూపిస్తారు. మీరు మాత్రం గదికి ఆ చివర, తలుపు పక్కన నిలబడి కథానాయికను చూస్తున్న మనిషి ముఖం ఉన్న షాట్ ఒకటి వెతకండి. టేపులో ఆ ముఖానికి దక్కినది పాతిక గీతలే, యంత్రం పొరబడేది అక్కడే. ఆ ముఖంలో కళ్లు రెండూ ఒకేవైపు చూస్తుంటే ఆ డిస్కు సంగతి ఆలోచించవచ్చు.